పుంజా, పెట్టా?

సాయంత్రం గంప ఎత్తగానే తల్లికోడి ముందు, పదకొండు పిల్లలు వెనక బిలబిలమంటూ బయటికొచ్చేవి. మా అవ్వ గుప్పెడు నూకలు చల్లి, ఒకదాన్ని ఒడుపుగా పట్టుకుని రెక్క విప్పి చూసి వదిలేసేది. పుంజా, పెట్టా అని అడిగితే, ‘ఇప్పుడే ఏం తెలుస్తదబ్బయా, నెల పోనీ’ అనేది. మా ఊరు వెంకటాచలంలో కోళ్లు పెంచే ఇళ్లల్లో ఎవర్నడిగినా అప్పట్లో ఇదే జవాబు. ‘నెల పోనీ’ అనగలగడం ఎంత పెద్ద మాటో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పెట్ట గుడ్లు పెడుతుంది. పుంజు పండక్కో, మొక్కుకో, అల్లుడొచ్చిన పూటకో అక్కరకొస్తుంది. రెండూ కావలసినవే అయినప్పుడు తొందరెందుకు? కోడిపిల్ల ఆడో మగో వెంటనే తేలిపోవాలన్న తొందర మనిషికి ఎప్పుడు పుట్టిందో వెనక్కి తిరిగి చూస్తే, పుంజు విలువ పడిపోయిన కథంతా అందులోనే కనిపిస్తుంది.

గుడ్డు చూసే చెప్పేయాలన్న ఆశ మాత్రం చాలా పాతది. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో అరిస్టాటిల్ పొడవుగా కోసుగా ఉన్న గుడ్డులో పెట్ట, గుండ్రటి గుడ్డులో పుంజు ఉంటాయని రాశాడు. సుమారు నాలుగు వందల ఏళ్ల తర్వాత రోమ్‌లో ప్లినీ సరిగ్గా తిరగేసి చెప్పాడు. మా అవ్వది ప్లినీ పక్షం. పొదగేసేటప్పుడు కోసు గుడ్లు ఏరి పక్కన పెట్టేది, పెట్టలు ఎక్కువ కావాలని. నిజానికి పిల్ల ఆడో మగో తేల్చేది తల్లికోడే. పుంజుకి రెండు జెడ్ క్రోమోజోములుంటాయి, పెట్టకి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. తల్లి నుంచి ఏది వస్తే పిల్ల అదవుతుంది. సొన అండాశయం నుంచి జారే వేళకే ఆ సంగతి ఖాయం. గుడ్డుకి ఆకారం వచ్చేది ఆ తర్వాత, అండవాహికలో. అందుకే పెంకుని చూసి లోపలి పిల్లను చెప్పడం ఎవరి వల్లా కాలేదు. మనుషుల్లో ఇది తండ్రి వైపు నుంచి తేలుతుంది. అయినా ఆడపిల్లను కన్నదని కోడల్ని సాధించిన ఇళ్లు మన దగ్గర ఎన్నో. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది.

పుంజు మీద మనవాళ్లకున్న శ్రద్ధ అంతా ఇంతా కాదు. పల్నాటి కథ కోడిపందెం దగ్గరే మలుపు తిరుగుతుంది. డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల, అబ్రాసు అంటూ కుక్కుట శాస్త్రం ఈకల రంగుల్ని బట్టి పుంజుకి పేర్లు పెట్టింది. అవన్నీ ఎదిగిన పుంజుకి పెట్టిన పేర్లే. నూగు మీదున్న పిల్లను తేల్చే పని పెరట్లో ఆడవాళ్లది. ఆ చదువు ఎవరూ పుస్తకంలో రాసిపెట్టలేదు.

ఆ చదువులో మొదటి పాఠం ఓపిక. మూడు నాలుగు వారాలకి పెట్టపిల్లలకి తోక కాస్త ముందుగా వస్తుంది, పుంజుపిల్ల మొండితోకతో తిరుగుతుంది. ఐదారు వారాలకి పుంజు తురాయి ఎరుపెక్కుతుంది, కాళ్లు లావెక్కుతాయి. మూడో నెలలో మెడ మీద, నడుం మీద వచ్చే ఈకలు చూస్తే ఇక అనుమానముండదు. పుంజువి సన్నగా, మొన తేలి నిగనిగలాడతాయి, పెట్టవి కొస గుండ్రంగా ఉంటాయి. మన అసీల్ జాతి దగ్గర మాత్రం ఈ లెక్క తడబడుతుంది. దాని తురాయి బఠానీ గింజల వరసలా తలకి అంటుకుని ఉంటుంది, ఎరుపు తొందరగా పట్టివ్వదు. పైగా పెట్టలు కూడా నిటారుగా నిలబడి కొట్లాడతాయి.

పట్నాల్లో కోళ్ల పెంపకం వ్యాపారమయ్యాక నెల రోజుల ఓపిక కరిగిపోయింది. కోడి ఈక మీది చారలు తల్లిదండ్రుల నుంచి ఆడపిల్లకి ఒకలా, మగపిల్లకి ఒకలా వస్తాయని 1908లో అమెరికాలో స్పిల్‌మన్ అనే శాస్త్రవేత్త వివరించాడు. ఆ చారల లెక్క మీదే 1929లో కేంబ్రిడ్జ్‌లో పన్నెట్ అనే మరో శాస్త్రవేత్త, పిల్ల పుట్టగానే నూగు రంగుని బట్టి ఆడామగా తెలిసిపోయే ‘కేంబార్’ జాతిని తయారుచేశాడు.

అసలు మార్పు జపాన్ నుంచి వచ్చింది. మసూయి, హషిమోటో అనే పండితులు ఒక్కరోజు పిల్ల మలద్వారాన్ని బొటనవేలితో సుతారంగా విప్పి, లోపల గుండుసూది తలకన్నా చిన్న బుడిపెను చూసి చెప్పొచ్చని కనిపెట్టారు. 1927లో కెనడాలోని ఒట్టావాలో జరిగిన ప్రపంచ పౌల్ట్రీ మహాసభలో ఆ సంగతి బయటికొచ్చింది. చెయ్యి తిరిగినవాళ్లు గంటకి వెయ్యి పిల్లల దాకా తేల్చేస్తారు. పెట్టలకీ కొన్నిటికి బుడిపె ఉంటుంది, పుంజులకీ రకరకాలుగా ఉంటుంది. ఎలా పోల్చావని అడిగితే మాటల్లో చెప్పలేని విద్య అది. 1987లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. ఏమీ తెలియని వాళ్లకి 18 ఫొటోలు చూపిస్తే నూటికి అరవై దాకా సరిగ్గా చెప్పారు. ఎక్కడ చూడాలో ఒక్క కాగితం మీద రాసిచ్చాక అది 84కి పెరిగింది. అవ్వ కన్ను కూడా అలాంటిదే. ఆమెను కూర్చోబెట్టి ఎవరూ రాయించుకోలేదు, నాతో సహా.

మన దగ్గర హైదరాబాద్ వాడైన బి.వి. రావు 1971లో పుణెలో వెంకటేశ్వర హ్యాచరీస్ మొదలుపెట్టారు. 1982లో ఆయన చొరవతోనే జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ‘నెక్’ (ఎన్.ఇ.సి.సి.) వచ్చి రైతుకి గుడ్డు ధర నిలబెట్టింది. పేదవాడి పళ్లెంలోకి గుడ్డు వచ్చిందంటే ఇలాంటివాళ్ల చలవే. కానీ గుడ్లకొక జాతి, మాంసానికొక జాతి అని విడిపోయాక, గుడ్ల జాతిలో పుట్టిన పుంజు ఎందుకూ కొరగాకుండా పోయింది. గుడ్డు పెట్టదు, తొందరగా బరువూ పెరగదు. ప్రపంచమంతటా ఏటా సుమారు 700 కోట్ల మగపిల్లల్ని పుట్టిన రోజే చంపేస్తున్నారని అంచనా. 2022 జనవరి నుంచి జర్మనీ దీన్ని నిషేధించింది. అక్కడ తొమ్మిదో రోజు గుడ్డుకి లేజర్‌తో వెంట్రుకవాసి రంధ్రం పెట్టి, చుక్క ద్రవం తీసి పరీక్షించే పద్ధతి వచ్చింది. అరిస్టాటిల్ అడిగిన ప్రశ్నకి గుడ్డు దగ్గరే జవాబు దొరికింది.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో 1988లో మొదలైన పౌల్ట్రీ పరిశోధన సంస్థ ఇచ్చిన వనరాజా, అసీల్ నుంచి తీసిన వనశ్రీ పెరటి కోసమే పుట్టాయి. వాటిలో పుంజుకీ చోటుంది. నాకు వాటి మీద గౌరవం అందుకే.

చిన్నప్పుడు సైకిల్ మీద బుట్టలో గులాబీ, పచ్చ, ఊదా రంగు పిల్లలు అమ్మకానికొచ్చేవి. ఒక గులాబీ పిల్లను కొని దోసిట్లో పెట్టుకుని పరిగెత్తాను. అవ్వ దాని రెక్క కూడా విప్పలేదు. ‘ఇది పుంజేలే. పెట్టయితే మనదాకా రానిస్తారా?’ అంది. నెల పోనీ అనే మనిషి అంత తొందరగా చెప్పడం అదొక్కసారే. రాత్రి చీకటి పడ్డాక దాన్ని తీసుకెళ్లి తల్లికోడి రెక్క కిందకి తోసింది. పొద్దున చూస్తే పదకొండూ పన్నెండయ్యాయి. గులాబీ నూగు రాలి తెల్లటి ఈకలొచ్చాయి, ఆరో వారానికి తురాయి ఎర్రబడింది. ఒక తెల్లవారుజామున గొంతు పెగలక పెగలక కూసింది. సంక్రాంతికి మామయ్యలొచ్చేదాకా మా పెరట్లోనే తిరిగింది.