కాచిగూడ మాస్టారి జట్టు

హైదరాబాద్‌లోని కాచిగూడ మిడిల్ స్కూల్లో పాఠాలు చెప్పిన సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టును 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ విజేతగా నిలిపారు. గెలుపు అలవాటైన జట్టును నడపాలంటే గద్దించే గొంతు కావాలని చాలామంది అనుకుంటారు. రహీం పనితీరు చూస్తే అంతకంటే ముందు కావలసింది బోధనాశక్తి అని నా నమ్మకం. బంతిని కాలి దగ్గరే ఉంచుకుని డ్రిబ్లింగ్ చేయడం నిషేధించిన పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలు ఆయన పెట్టించారు. ఆ నియమాల మధ్య కుర్రాళ్లకు పాస్ ఇవ్వడం, రెండో కాలిని వాడడం తప్పనిసరిగా వచ్చేవి. ఎంత మంచి పాఠమో!

పోలీసు శాఖ క్రమశిక్షణ, జీతమే ఆ జట్టును నిలబెట్టాయనే వాదనలో కొంత నిజముంది. అయితే రహీమే కోచ్‌గా ఉన్న భారత జట్టులో వేర్వేరు ఊళ్ల, క్లబ్బుల ఆటగాళ్లుండేవారు. అక్కడ శాఖ అండ లేదు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిన జట్టుకూ ఆయనే కోచ్. ఆ మచ్చతో ఆగిపోలేదు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జట్టును నాలుగో స్థానం దాకా తీసుకెళ్లారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను పక్కన పెట్టకుండా ముందువరుసలో ఆడించారు. ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1 విజయంలో ఒక గోల్ జర్నైల్‌దే. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం 1963 జూన్‌లో కన్నుమూశారు.