ఓరుగంటి పూటకూళ్లు, బండిమీది బజ్జీలు

ఓరుగల్లు నా జన్మస్థానము. ఈ పట్టణపు చరిత్ర యనగానే కోటయు, తోరణములును, 1163 నాటి వేయిస్తంభముల గుడియు అందరికిని స్ఫురించును. నేను నేడు ఇచ్చటి తిండినిగూర్చి చెప్పదలచితిని. కొద్దిపాటి సొమ్ముతో ఈ ఊరు చేరిన బాటసారి ఏమి తినెను?

వినుకొండ వల్లభరాయుని పేర నున్న క్రీడాభిరామమును మీలో పలువురు ఎరుగుదురు. అది శ్రీనాథుని రచనయే యను వాదమును కలదు. ఆ తగవు నేడు మనకక్కరలేదు. అందు మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఓరుగంటి వీథులన్నియు తిరుగుదురు. అచ్చటి పూటకూళ్లయింట ఒక్క రూకకు దొరకు భోజనమును కవి వర్ణించెను: మేలిబియ్యపు అన్నము, గోధుమపిండివంట, పంచదార, అప్పుడు కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు! ఇది చదివి ఆ కాలమున ఎల్లరును ఇట్లే భుజించిరని మురియువారున్నారు. నేనట్లు తలపను. అది వినోదార్థము తిరుగు విప్రునికిని సెట్టికిని తగిన విందు. కోటగోడకు రాళ్లు మోసినవాడు ఏ అంబలియో త్రాగియుండును.

నేనీ పద్యమును బోధించుచుండగా ఒక బాలుడు లేచి, “అయ్యవారూ, ఇందులో మిరపకాయ బజ్జి లేదేమి?” అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను గాని ప్రశ్న మేలైనది. మిరప అమెరికా ఖండపు మొక్క. 16వ శతాబ్దమున పోర్చుగీసు వర్తకులు దానిని మన దేశమునకు తెచ్చిరి. కాకతీయ రాజ్యము 1323లోనే అంతరించెను. ప్రతాపరుద్రుడు ఎరిగిన కారము మిరియమే. మిరప యను పేరును మిరియమునుండియే పుట్టినది. బజ్జి వేచెడి పల్లినూనెయు అట్టిదే, వేరుసెనగయు ఆ ఖండమునుండియే వచ్చెను. సెనగపిండి యొక్కటియే మన పాతచుట్టము. బండిమీది ఇడ్డెన మాత్రము కోటకంటె పెద్దది. 1130 ప్రాంతమున కల్యాణి చాళుక్య ప్రభువగు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున మినపపిండితో చేయు ఇడరిక కలదు. ఆ కాలమున మన కాకతీయులు ఆ చాళుక్యులకు సామంతులు.

19వ శతాబ్దము చివర రైలు వచ్చెను. 1934లో ఆజంజాహీ మిల్లు వెలసెను. ఇల్లు విడిచి వేళగాని వేళ పనిచేయువారు పెరిగిరి. వారికి వీధిలో వేడితిండి కావలసివచ్చెను. ఆ మిల్లు నేడు లేదు. బండ్లు నిలిచినవి. ఎనుమాముల మార్కెట్టునకు మిరపబస్తాలతో వచ్చిన రైతు, తాను పండించిన కారము నమ్ముకొని, బండివద్ద నిలుచుండి, వాము కూరి వేచిన బజ్జీలను ఉల్లితరుగుతో తినుట నేను పలుమారులు చూచితిని. మొన్న నేనును 30 రూపాయలకు కడుపునిండ తినివచ్చితిని. నేయి లేదు, గడ్డపెరుగు లేదు. రూక భోజనముకంటె ఇదియే నాకు ఘనముగా తోచినది, ఏలయన నా ప్రక్క నిలిచినవాడు హమాలి.

వీధులు వెడల్పు చేయునపుడు మొదట తొలగునవి ఈ బండ్లే. 2014లో వీధి విక్రేతల చట్టము వచ్చినది. లెక్కింపు ముగిసి ధ్రువపత్రములిచ్చువరకు ఎవరిని తొలగింపరాదని అందు కలదు. పట్టణ సంఘమున నూటికి 40 మందికి తక్కువ గాకుండ విక్రేతలే యుండవలెను. వారిలో మూడవవంతు స్త్రీలు. మీ గ్రామమునుండి పోయి పట్టణమున బండి పెట్టుకొన్నవారున్నచో, లెక్కింపులో పేరు వ్రాయించుకొని ఆ పత్రమును చేత నుంచుకొనుమని వారికి ఒక ఉత్తరము వ్రాయుడు.