కండె చుట్టే వేళ

ఎమ్మిగనూరు చేనేత చరిత్రను 1938లో మాచాని సోమప్ప పెట్టిన సహకార సంఘంతో మొదలుపెడతాం. అది న్యాయమే. మరి మగ్గం గుంత పక్కనే రాట్నం ముందు కూర్చున్న తల్లి సంగతి? ఆమె గడియారం నాడె. అందులో కండె అయిపోతే మగ్గం ఆగిపోతుంది. అందుకే సంగటి ఉడికేలోపు కొన్ని కండెలు, బిడ్డ నిద్రపోయినంతసేపు ఇంకొన్ని. మధ్యలో పడుగుకు గంజి, అచ్చు అతకడం. కూలి మాత్రం చీర లెక్కన, నేసినాయన చేతికి. 2019-20 చేనేత గణన దేశంలో ఈ పనివాళ్లలో సుమారు 72 శాతం ఆడవాళ్లేనని తేల్చింది. అయినా బయటి మనిషి కండెలు చుడితే కూలి కడతారు. ఇంటావిడ చుడితే అది ఇంటిపనే.