కెర్నెల్ క్రిటికల్ సెక్షన్లలో ప్రీఎంప్షన్ నిలుపుదల

కెర్నెల్ కోడ్‌లో ఒక సున్నితమైన భాగం నడుస్తున్నంతసేపూ ఆ ప్రాసెసర్‌ను షెడ్యూలర్ మరో టాస్కుకు ఇవ్వకుండా ఆపి ఉంచడాన్ని ప్రీఎంప్షన్ నిలుపుదల అంటారు. అలా కాపాడవలసిన కోడ్ భాగమే క్రిటికల్ సెక్షన్. తొలినాళ్ల యూనిక్స్‌లో, లినక్స్‌లో కెర్నెల్ అంతా కలిసి ఒకే పెద్ద క్రిటికల్ సెక్షన్. ఆ తర్వాత దశాబ్దాలపాటు జరిగిన కృషి అంతా దాన్ని కొద్ది పంక్తుల వరకు కుదించడానికే. ఈ వ్యాసం ఎక్కువగా లినక్స్ చరిత్రను చెబుతుంది.

సమస్య, తొలి పరిష్కారాలు

రెండు టాస్కులు ఒకే లెక్కను పెంచుతున్నాయనుకుందాం. మొదటిది మెమరీ నుంచి 7 చదివింది. దాన్ని 8 చేసి తిరిగి రాసేలోపే షెడ్యూలర్ ఆ టాస్కును ఆపి రెండోదాన్ని నడిపింది. రెండోది కూడా 7 చదివి 8 రాసింది. మొదటిది తిరిగి వచ్చి, రిజిస్టర్‌లో అప్పటికే ఉన్న 8ని మళ్లీ రాసింది. రెండుసార్లు పెరగాల్సిన లెక్క ఒక్కసారే పెరిగింది. ఇక్కడ పోయింది ఒక అంకె మాత్రమే. పాయింటర్లు మార్చుకుంటున్న జాబితా మధ్యలో ఇదే జరిగితే కెర్నెల్ కూలిపోతుంది. వేలసార్లు నడిపినా కనబడని ఈ తప్పు, పని ఒత్తిడి బాగా పెరిగిన రోజున బయటపడుతుంది. మళ్లీ రప్పించి చూద్దామంటే రాదు.

నెదర్లాండ్స్‌కు చెందిన ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1965లో ఈ సమస్యను ఎన్ని ప్రాసెస్‌లకైనా వర్తించేలా నిర్వచించి పరిష్కారం చూపించాడు. రెండు ప్రాసెస్‌ల పరిష్కారం అంతకుముందే డెక్కర్ చేతిలో రూపుదిద్దుకుంది. ప్రాసెస్‌లు నిద్రపోయి వంతు కోసం కాచుకోవడానికి వీలిచ్చే సెమాఫోర్ కూడా డైక్‌స్ట్రా ఇచ్చిందే. ఐండ్‌హోవెన్‌లో ఆయన బృందం నిర్మించిన, 1968లో వివరాలు వెలువడిన ఆపరేటింగ్ సిస్టమ్ దానిమీదే నడిచింది.

యూనిక్స్ మాత్రం ఇంకా తేలికైన దారి పట్టింది. 1975 నాటి ఆరో ఎడిషన్ కెర్నెల్ సుమారు 9 వేల పంక్తులు. పీడీపీ-11లో ప్రాసెసర్ ఒక్కటే. కాబట్టి ఒక నియమం సరిపోయింది: కెర్నెల్‌లో ఉన్న ప్రాసెస్ తనంతట తాను నిద్రపోతే తప్ప మరో ప్రాసెస్‌కు అవకాశం లేదు. మిగిలిన బెడద ఇంటరప్ట్‌లది. పీడీపీ-11 ప్రాసెసర్‌కు 0 నుంచి 7 వరకు ప్రాధాన్య స్థాయిలు ఉండేవి. ఎస్‌పీఎల్ అనే చిన్న ఫంక్షన్లతో ఆ స్థాయిని పెంచితే, దానికి మించని స్థాయి ఇంటరప్ట్‌లు వేచి ఉండేవి. డిస్క్ క్యూను సవరించే ముందు స్థాయి పెంచడం, పని అయ్యాక పాత స్థాయికి తేవడం అప్పటి డ్రైవర్ల అలవాటు. చిన్న యంత్రానికి ఇది చక్కని ఏర్పాటు. బీఎస్‌డీ వంశం ఎస్‌పీఎల్‌ను పాతికేళ్లకు పైగా వాడింది. విండోస్ ఎన్‌టీలోని ఐఆర్‌క్యూఎల్ స్థాయిలు కూడా ఇదే కోవలోవి. అక్కడ స్పిన్‌లాక్ (దొరికేదాకా నిద్రపోకుండా లూపులో తిరుగుతూ కాచుకునే తాళం) పట్టుకుంటే ప్రాసెసర్ డిస్పాచ్ స్థాయికి వెళ్తుంది, ఆ ప్రాసెసర్‌పై షెడ్యూలర్ ఆగుతుంది.

లినక్స్: పెద్ద తాళం

1991లో మొదలైన లినక్స్ కూడా ప్రీఎంప్షన్ లేని కెర్నెల్‌తోనే పుట్టింది. ఇంటరప్ట్‌లను ఆపడానికి ఇంటెల్ ప్రాసెసర్‌లోని సీఎల్ఐ, మళ్లీ వదలడానికి ఎస్‌టీఐ ఆదేశాలు ఉండేవి. 1996 జూన్‌లో వచ్చిన 2.0 వెర్షన్ ఒకటికంటే ఎక్కువ ప్రాసెసర్లను నడపగలిగింది, కానీ కెర్నెల్ మొత్తానికి ఒకే తాళం వేసింది. అదే బిగ్ కెర్నెల్ లాక్. ఆ తాళం పట్టుకున్న టాస్కు నిద్రపోతే అది దానంతటదే విడిపోయేది, లేచాక మళ్లీ చేతికి వచ్చేది. ఏ డేటాను కాపాడటానికి ఆ తాళం వేశారో కోడ్‌లో ఎక్కడా రాసి ఉండేది కాదు. 2.2, 2.4 వెర్షన్లలో దాని స్థానంలో ఒక్కో డేటా నిర్మాణానికి ఒక్కో స్పిన్‌లాక్ వస్తూ పోయింది.

2002 మలుపు

సంగీతం, ధ్వని రికార్డింగ్ పనులకు లినక్స్ వాడేవారికి, పారిశ్రామిక పరికరాలు తయారుచేసేవారికి పాత నియమం భారమైంది. ఒక సిస్టమ్ కాల్ కెర్నెల్ లోపల చాలా మిల్లీసెకన్లు తిరిగితే, అంతసేపూ అత్యవసర టాస్కు కాచుకోవాలి. కెర్నెల్ డెవలపర్లు ఇంగో మోల్నార్, ఆండ్రూ మోర్టన్ పొడవైన లూపుల మధ్య షెడ్యూలర్‌ను పిలిచే చోట్లు చేర్చి ఆలస్యాన్ని తగ్గించారు. మోంటావిస్టా సంస్థ 2000లో మరో దారి చూపింది: కెర్నెల్ లోపల ఉన్న టాస్కును కూడా మధ్యలో ఆపి వంతు మార్చడం. రాబర్ట్ లవ్ దాన్ని చేపట్టి మెరుగుపరిచాడు. 2002 ఫిబ్రవరిలో అది 2.5.4లో చేరింది, 2003 డిసెంబరులో 2.6 ద్వారా అందరికీ అందింది.

ఈ మార్పు వెనక ఉన్న ఆలోచన ఎంతో తెలివైనది. మరో ప్రాసెసర్ నుంచి కాపాడటానికి అప్పటికే వేలచోట్ల స్పిన్‌లాక్‌లు వేసి ఉన్నాయి. వేరే ప్రాసెసర్‌పై నడిచే టాస్కు చెడగొట్టలేని డేటాను, ఇదే ప్రాసెసర్‌పై వంతు మార్చుకుని వచ్చే టాస్కు కూడా చెడగొట్టలేదు. కాబట్టి క్రిటికల్ సెక్షన్లను కొత్తగా వెతకనక్కర్లేదు. స్పిన్‌లాక్ ఉన్నచోటల్లా ప్రీఎంప్షన్‌ను ఆపితే చాలు. ప్రతి టాస్కుకు ప్రీఎంప్ట్ కౌంట్ అనే సంఖ్య పెట్టారు. తాళం వేస్తే ఒకటి పెరుగుతుంది, తీస్తే ఒకటి తగ్గుతుంది. సున్నా కానంతవరకు షెడ్యూలర్ ఆ టాస్కును కదపదు. సున్నాకు చేరగానే, ఈలోగా ఎవరైనా కాచుకుని ఉంటే వెంటనే వంతు మారుతుంది. లెక్క రూపంలో ఉండటం వల్ల తాళం లోపల తాళం పడినా చిక్కు లేదు. ప్రాసెసర్ ఒక్కటే ఉన్న యంత్రంలో స్పిన్‌లాక్ అంటే ఈ లెక్క పెంచడమే, మరేమీ కాదు.

తాళం చేతిలో ఉండగా ప్రీఎంప్షన్‌ను ఆపడానికి మరో బలమైన కారణం ఉంది. తక్కువ ప్రాధాన్యం ఉన్న టాస్కు స్పిన్‌లాక్ పట్టుకుని ఉండగా, దాన్ని పక్కకు నెట్టి రియల్‌టైమ్ టాస్కు వచ్చి అదే తాళం కోసం తిరగడం మొదలుపెట్టిందంటే, మొదటిదానికి మళ్లీ వంతు రాదు. ప్రాసెసర్ శాశ్వతంగా అక్కడే చిక్కుకుంటుంది.

స్పిన్‌లాక్‌లు కాపాడనిది ఒకటి మిగిలింది: ఒక్కో ప్రాసెసర్‌కు ఒక్కో ప్రతి ఉండే పర్-సీపీయూ డేటా. మరో ప్రాసెసర్ ముట్టుకోదు కాబట్టి దానికి తాళమే వేయలేదు. ప్రీఎంప్షన్ వచ్చాక, మధ్యలో ఆగిన టాస్కు వేరే ప్రాసెసర్‌పై లేచి, పాత ప్రాసెసర్ డేటాను మార్చే ప్రమాదం ఏర్పడింది. ఇలాంటి చోట్ల ప్రీఎంప్ట్_డిసేబుల్, ప్రీఎంప్ట్_ఎనేబుల్ జంటను నేరుగా రాయాలి. వాటి మధ్య నిద్రపోకూడదు. పోతే కెర్నెల్ "షెడ్యూలింగ్ వైల్ అటామిక్" అనే ఫిర్యాదును లాగ్‌లో రాస్తుంది.

రియల్‌టైమ్, లోకల్ లాక్

రియల్‌టైమ్ పనుల కోసం ఈ నిలుపుదలను ఇంకా కుదించడానికి 2004 నుంచి ఇంగో మోల్నార్, థామస్ గ్లైక్స్‌నర్ తదితరులు ప్రీఎంప్ట్_ఆర్‌టీ శాఖను నడిపారు. అందులో చాలా స్పిన్‌లాక్‌లు నిద్రపోగల మ్యూటెక్స్‌లుగా మారాయి, ఇంటరప్ట్ హ్యాండ్లర్లు విడి థ్రెడ్లయ్యాయి. నిజంగా ఆగకూడని కొద్దిచోట్ల మాత్రమే పాత పద్ధతిలో తిరిగే రా స్పిన్‌లాక్ మిగిలింది. తాళం పట్టుకున్న తక్కువ ప్రాధాన్య టాస్కుకు, దానికోసం కాచుకున్న టాస్కు ఎక్కువ ప్రాధాన్యాన్ని తాత్కాలికంగా అందించే వారసత్వ పద్ధతి కూడా చేరింది. దాని అవసరం 1997లోనే లోకానికి తెలిసింది: మార్స్ పాత్‌ఫైండర్‌లోని కంప్యూటర్ అంగారకుడిపై పదేపదే రీసెట్ అయినప్పుడు, దాన్ని నడిపే వీఎక్స్‌వర్క్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఈ పద్ధతిని భూమి నుంచే ఆన్ చేసి సరిచేశారు.

బిగ్ కెర్నెల్ లాక్ అంత తేలిగ్గా పోలేదు. దాన్ని సెమాఫోర్‌గా మార్చాక పనితీరు దెబ్బతినడంతో 2008లో మళ్లీ స్పిన్‌లాక్ చేశారు. ఆర్ండ్ బెర్గ్‌మన్ చివరి ఆనవాళ్లను తొలగించిన తర్వాత, 2011 మేలో 2.6.39తో అది కనుమరుగైంది.

ఆ తాళంలో ఉన్న లోపమే ప్రీఎంప్ట్_డిసేబుల్‌లోనూ ఉందని రియల్‌టైమ్ బృందం గుర్తించింది. దాన్ని చూస్తే కోడ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలుస్తుంది గాని, ఏ డేటాను కాపాడుతోందో తెలియదు. 2020లో 5.8 వెర్షన్ తెచ్చిన లోకల్ లాక్ ఈ లోటు తీర్చింది. మామూలు కెర్నెల్‌లో అది పాత నిలుపుదలగానే నడుస్తుంది, రియల్‌టైమ్ కెర్నెల్‌లో పర్-సీపీయూ తాళం అవుతుంది. రెండింటిలోనూ కాపాడే డేటాకు ఒక పేరు ఉంటుంది, తప్పులు పట్టే లాక్‌డెప్ సాధనం దాన్ని పరిశీలించగలదు. ఈ మొత్తం చరిత్రలో 2002 మార్పు తర్వాత అంతటి ముఖ్యమైన అడుగు ఇదే. అయినా దీని గురించి మాట్లాడేవారు తక్కువ.

ప్రీఎంప్ట్_ఆర్‌టీ ప్రధాన కెర్నెల్‌లో చేరడానికి చివరి అడ్డంకి ప్రింట్‌కే, అంటే కెర్నెల్ సందేశాలు ముద్రించే భాగం. 115200 బాడ్ సీరియల్ తీగపై ఒక్క అక్షరం పంపడానికి సుమారు 87 మైక్రోసెకన్లు పడుతుంది. 80 అక్షరాల పంక్తికి దాదాపు 7 మిల్లీసెకన్లు. అంతసేపు ఇంటరప్ట్‌లు ఆపి ఉంచితే రియల్‌టైమ్ అనే మాటకు అర్థం ఉండదు. జాన్ ఓగ్నెస్ తదితరులు దాన్ని తిరగరాశాక, 2024 నవంబరులో వెలువడిన 6.12 వెర్షన్‌లో ప్రీఎంప్ట్_ఆర్‌టీ ప్రధాన కెర్నెల్‌లో ఎంచుకోదగిన భాగమైంది. తర్వాతి 6.13లో లేజీ ప్రీఎంప్షన్ వచ్చింది. మామూలు టాస్కుల వంతును ఇది సాధ్యమైతే తర్వాతి టైమర్ టిక్ దాకా వాయిదా వేస్తుంది; రియల్‌టైమ్ టాస్కులను మాత్రం ఆపదు.

ప్రీఎంప్ట్_డిసేబుల్ నేటికీ కెర్నెల్‌లో ఉంది. కొత్తగా డ్రైవర్ రాసేవారు దాన్ని చేతికి తీసుకునే ముందు, కాపాడవలసిన డేటా ఏదో పేరుపెట్టి చెప్పగలిగే తాళం సరిపోతుందేమో చూడాలి.