వేసవి రాత్రుల నాటకాలు

మన సంఘంలోని డెల్టా మిత్రులకు వేసవి అనగానే మామిడిపండ్లతోపాటు నాటకాలూ గుర్తుకు వస్తాయి. మినుము కోతలు కూడా అయ్యాక రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడేవి. వాన భయం లేదు. శ్రీరామనవమి పందిళ్ళతో మొదలుపెట్టి తొలకరి దాకా ఎక్కడో ఒకచోట నాటకం ఉండేది.

మా ఊరు తెనాలి దగ్గర. 1962 వేసవిలో తిరుపతి వెంకట కవుల భారత నాటకాలు కలిపి ‘కురుక్షేత్రం’ ఆడించారు. చాపలు, పులిహోర, మరచెంబులతో ఇంటిల్లిపాదీ వెళ్ళాం. పొరుగూరి బంధువులు బండ్లు కట్టుకొచ్చారు. అవి కాంట్రాక్టు నాటకాలు. పేరున్న నటులను తలా ఒక ఊరి నుంచి ఒక్క రాత్రికి కుదిర్చేవారు. రిహార్సల్సు లేవు, పద్యాలు అందరికీ కంఠతా వచ్చు గనుక నడిచిపోయేది. పడకసీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి మరొకరు, యుద్ధానికి ఇంకొకరు! ‘ఒన్స్ మోర్’ అంటే రాగం సాగేది, కథ ఆగేది. నాటకాన్ని కొంత చెరిపింది కూడా ఆ రాగాలేనని నా అభిప్రాయం. 1885లో కడప జిల్లాలో కీచకవధతో మొదలైన సురభి వారిది వేరే దారి. కుటుంబమంతా కలిసి ఆడేవారు, ఆడవేషాలు ఆడవారే కట్టేవారు.

‘చింతామణి’కి మాత్రం మా ఇంటి ఆడవారిని పంపేవారు కాదు. అమ్మ దొడ్లో మంచం వాల్చుకుని మైకులో వినేది. మర్నాడు మజ్జిగ చిలుకుతూ భవానీశంకరుడి పద్యం తీస్తుంటే నాన్నగారు ఉలిక్కిపడి, “ఎక్కడ నేర్చావే?” అన్నారు. “మైకు గోడ దాటి రాదా ఏం?” అంది అమ్మ.

వేశ్యావ్యామోహాన్ని మాన్పించాలని కాళ్ళకూరి నారాయణరావుగారు రాసిన నాటకమది. ఈలల కోసం సుబ్బిశెట్టి పాత్రకు ఎవరికి తోచిన బూతు వారు అతికించారు. వైశ్యులు బాధపడ్డారంటే పడరా మరి? 2022 జనవరిలో ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించినప్పుడు నాకు ముందుగా అమ్మే గుర్తుకొచ్చింది.

1983లో నేను ఉద్యోగం చేస్తున్న ఊళ్ళో, ఆరుబయట మైదానంలో ‘చింతామణి’ వేశారు. నాన్నగారు అప్పటికి లేరు. అమ్మను, మా ఆవిడను, పిల్లలను తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టాను. సుబ్బిశెట్టి రంగం అరగంట సాగింది. అమ్మ కొంగు సర్దుకుని లేచింది.

“పద్యాలు ఎగరగొట్టేశారేమిరా? ఇంటికి పోదాం పద.”

ఆవిడ కళ్ళారా చూసిన చింతామణి అంతే.