పొరల నడుమ పందిరి గుంజ

పల్నాడులోని శావల్యాపురం దగ్గర, పత్తి కట్టె పీకేసిన నల్లరేగడి చేను. నడివేసవి. మనవడు నెర్రెలోకి చేతికర్ర దించాడు. సగానికి పైగా దిగింది. చెయ్యి జారి మిగతాదీ పోయింది.

"తాతా, కర్రను మింగేసింది!"

"మింగనీరా. తొలకరి పడితే నోరు తనే మూసుకుంటుంది."

ఈ తాతామనవళ్లు నా కల్పనే. నెర్రెలు మాత్రం ఏటేటా నిజం. ఆ నోరు తెరిచేదీ మూసేదీ మాంట్‌మోరిలొనైట్ అనే బంకమన్ను. అట్టు మీద అట్టు పేర్చినట్టు రుణావేశపు పొరలు, నడుమ కాల్షియం, సోడియం అయాన్లు, వాటిని అంటుకొని నీళ్లు. తడిస్తే పొరలు ఎడమవుతాయి, ఎండితే దగ్గరపడతాయి.

ఇలా ఊగిసలాడని పొరలూ ఉన్నాయి. వాటి గుట్టు కోసం 1930లోకి, కాలిఫోర్నియాలోని పాసడీనాకు వెళ్లాలి. రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్‌కు 29 ఏళ్లు. ఎదురుగా క్లోరైట్ అనే ఆకుపచ్చ ఖనిజం ఎక్స్-రే కొలతలు. పొరకూ పొరకూ దూరం సుమారు 14 ఆంగ్‌స్ట్రామ్‌లు. మిల్లీమీటరులో కోటో వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్. మన బలపపు రాయిలో ఉండేలాంటి పొరకు 9 పైచిలుకు పోతే, మిగిలేది 5కు కాస్త తక్కువ. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ రేకు మందం సరిగ్గా అంతే! నేనైతే కుర్చీలోంచి లేచి గంతేసేవాణ్ణి. ఆ రేకులో కొన్ని మెగ్నీషియంల చోట అల్యూమినియం కూర్చుని ధనావేశం తెస్తుంది. పైనా కిందా రుణావేశపు పొరలు దాన్ని గట్టిగా పట్టుకుంటాయి.

నేలలో ఈ పని అల్యూమినియమే చేస్తుంది, అరకొరగా. ఆమ్లగుణమున్న మట్టిలో ఖనిజం నుంచి విడిపడి పొరల మధ్య దూరుతుంది. తనను చుట్టుకున్న నీటి అణువులు ప్రోటాన్లు వదులుకుంటుంటే హైడ్రాక్సైడ్‌గా మారి, దీవులు దీవులుగా పెరుగుతుంది. పందిరికి గుంజలు పాతినట్టే. ఆపై ఎండినా పొరలు పూర్తిగా అణగవు, తడిసినా మునుపటిలా ఉబ్బవు. దీనికి అనువైన పరిస్థితులను 1968లో నేలల శాస్త్రవేత్త సి.ఐ. రిచ్ వివరించాడు: పీహెచ్ 5 ప్రాంతం, తక్కువ సేంద్రియ పదార్థం, మాటిమాటికీ తడీ పొడీ.

తడీ పొడీ పల్నాడుకు కొత్తా? సేంద్రియమూ అంతంత మాత్రమే. మొదటి షరతు దగ్గరే కథ అడ్డం తిరిగింది. ఇది సున్నపురాయి సీమ, పిడుగురాళ్ల బట్టీలే సాక్షి. సున్నం కలిసిన రేగడి పీహెచ్ 8 చుట్టుపక్కల ఉంటుంది. అక్కడ అల్యూమినియం ఖనిజాన్ని వదిలి అంత తేలిగ్గా బయటికి రాదు. గుంజ పడదు.

తొలకరి పడింది, నెర్రె మూసుకుంది. మరుసటి వేసవి మనవడు అదే చోట కర్ర కోసం వెతికాడు. నేల ఈసారి రెండు బారల అవతల పగిలింది.