నడిగడ్డ నుంచి నల్లమల దాకా పాలమూరు కథ

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల, అలంపురం సీమను నడిగడ్డ అంటారు. అటొక నది, ఇటొక నది పారుతున్నా చేను మాత్రం వానకే ఎదురుచూసేది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలయ్యాయి. అంతకుముందు మూడూ మహబూబ్‌నగర్ జిల్లావే. జనం నోట ఆ జిల్లా పేరు పాలమూరు. ఈ మెట్టసీమలో సామాన్యుడు అచ్చులోకి ఆలస్యంగా వచ్చాడు.

చాలాకాలం ఇక్కడ సాహిత్యానికి ఇల్లు సంస్థానమే. గద్వాలకు విద్వద్గద్వాల అని పేరు. వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు ప్రభువులూ కవులను ఆదరించారు. తిరుపతి వేంకట కవులు ఈ సంస్థానాలకు వచ్చి అవధానాలు చేశారు. ఆ పాండిత్యం గొప్పదే. కానీ అందులో కుంటకింద మడి దున్నే రైతుకు, సంతలో గంప దింపుకున్న మనిషికి చోటు లేదు. వాళ్ల కథలు గొల్లసుద్దుల్లో, బుర్రకథల్లో, అవ్వలు చెప్పే ముచ్చట్లలో ఉండిపోయాయి.

వాళ్లను అచ్చులోకి తెచ్చినవారిలో ముందువరుసలో నిలిచేది సురవరం ప్రతాపరెడ్డి. 1896లో బోరవెల్లిలో పుట్టి, మద్రాసులో చదివి, 1926లో హైదరాబాదు నుంచి గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక వేసి జవాబిచ్చిన సంగతి అందరికీ తెలుసు. ఆయన కథలకు అంత పేరు రాకపోవడం అన్యాయం. ‘మొగలాయి కథలు’ నిజాం ఏలుబడిలో చిన్న ఉద్యోగుల దౌష్ట్యాన్ని, దానికింద నలిగిన జనాన్ని చూపిస్తాయి. ‘గ్యారా కద్దూ బారా కొత్వాల్’ కథ పేరులోనే లెక్కంతా ఉంది: అమ్మడానికి వచ్చినవి పదకొండు కాయలు, వసూలుకు నిలబడినవాళ్లు పన్నెండుగురు. పట్వారీ, పటేలు, అమీను ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాడి బాధ ఆయన చదివి తెలుసుకున్నది కాదు, ఊళ్లో చూసింది. 1952లో వనపర్తి ప్రజలు ఆయనను శాసనసభకు పంపారు. మరుసటి ఏడే ఆయన కన్నుమూశారు.

ఆడవాళ్ల మాట అచ్చులోకి రావడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. పాకాల యశోదారెడ్డి 1929లో బిజినేపల్లిలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. హైదరాబాదులో తెలుగు బోధించిన ఆచార్యురాలు, ప్రాచీన కావ్యాలపై పరిశోధించిన విదుషి. అంతటి పండితురాలు 1973లో ‘మా ఊరి ముచ్చట్లు’ను పాలమూరు పల్లె మాటలోనే రాశారు. తెలంగాణ యాసను సినిమాల్లో నవ్వులకు వాడుకుంటున్న రోజులవి. ఆమె ఆ యాసతో పండుగలు, పెళ్లిళ్లు, అత్తాకోడళ్ల మధ్య పేచీలు, ఇరుగుపొరుగు మమకారాలు చెప్పారు. పాత్రల మాటలే కాదు, కథ నడిపే గొంతూ పల్లెటూరి ఆడమనిషిదే. సామెత మీద సామెత పడుతూ, ఒక ముచ్చట చెప్తూ ఇంకో ముచ్చటలోకి పోతూ సాగే ఆ నడక అరుగు మీద కూర్చున్న పెద్దమ్మది. తర్వాత వచ్చిన ‘ఎచ్చమ్మ కథలు’ కూడా ఆ దారిలోనివే. ఊరిని ఆమె కలిగిన ఇంటి లోపలి నుంచి చూశారన్నది నిజం. కూలి గుడిసె ఆ కథల్లో కాస్త దూరంగానే కనబడుతుంది. అయినా ఆనాటి పాలమూరు ఆడవాళ్ల పలుకును అంత నిండుగా కాగితం మీద పెట్టిన పుస్తకాలు అరుదు.

గుడిసెలోని బతుకు వలస బతుకు. గుంపుమేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి, పిల్లాజెల్లాతో ఊరు విడిచి, దేశమంతటా ఆనకట్టలకూ కాలువలకూ మట్టి మోసినవాళ్లే పాలమూరు లేబరు. వీళ్లు కట్టిన కాలువలు పరాయి చేలను తడిపాయి. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కొల్లాపురం, అలంపురం వైపు ఊళ్లు మునిగాయి. ఇలాంటి కథ పరాయి దేశంలోనూ ఉంది. అమెరికాలో రచయిత్రి మేరీ ఆస్టిన్ కాలిఫోర్నియా ఎడారి అంచు మనుషుల మీద 1909లో ‘లాస్ట్ బోర్డర్స్’ కథలు వెలువరించారు. ఆమె ఎరిగిన ఓవెన్స్ లోయ నీటిని 1913లో లాస్ ఏంజెలెస్ నగరం కాలువ కట్టి తీసుకుపోయింది. నీళ్లు ఒకరివి, పంట ఇంకొకరిది కావడం పాలమూరుకు కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు.

పల్లె చితికిన బాధ కథలో కన్నా పాటలో ఎక్కువ పలికింది. నాగర్‌కర్నూల్ ప్రాంతపు గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న పాటలు అందుకు సాక్ష్యం. ఆయన ‘వల్లంకితాళం’కు 2021లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. నాగర్‌కర్నూల్‌లో స్థిరపడిన కపిలవాయి లింగమూర్తి ఊరూరా తిరిగి స్థలచరిత్రలు, జానపద సంపద సేకరించారు. ఆయన 2018లో మరణించారు. సేకరించాల్సింది మాత్రం ఇంకా మిగిలే ఉంది. బొంబాయి, పుణె మట్టిపనుల్లో ముసలివాళ్లయిన మేస్త్రీలు, కూలీలు ఇంకా ఊళ్లలో ఉన్నారు. వాళ్లు చెప్పగలిగిన రోజుల్లోనే ఆ ముచ్చట్లను వాళ్ల మాటలోనే రాసి పెట్టే పని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల కళాశాలల తెలుగు శాఖలు చేపట్టాలి.